పద్దెనిమిది పాయింట్ మూడు

మార్చి 4

సగం అంటే ఏమిటో తెలియని మనిషికి మా అక్కనిచ్చి పెళ్ళి చేశారు. ఇన్నేళ్ళూ అనుమానమే ఉండేది, ఈ రోజు రుజువు దొరికింది.

బావ అద్దాలు కోసే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అక్కడి కటింగ్ టేబుల్ ఆయన లెక్కలో సింహాసనం. వెనక షెడ్డులో పెట్టెలకు మేకులు కొట్టేవాళ్ళ మాటెత్తితే "పాపం" అంటాడు. ఈ మధ్య ఆఫీసులోకి కంప్యూటరు వచ్చి, కొలతలన్నీ దశాంశాల్లో అచ్చయి వస్తున్నాయి. నిన్న ముప్ఫై ఆరు పాయింట్ ఐదు అని వచ్చిందట. నిద్రపోతున్న పిల్లను లేపి అడిగినా ముప్ఫై ఆరున్నర అంగుళాలు అని చెప్పి మళ్ళీ పడుకుంటుంది. మా బావ ముప్ఫై ఆరు అంగుళాల మీద ఐదు గీతలకు కోశాడు. ఆయన టేపులో అంగుళానికి పదహారు గీతలు, అంటే సగానికి ఎనిమిది. మూడు గీతలు తక్కువగా, ఒక మేడకు సరిపడా అద్దాలు కోసి పేర్చి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. ఈ రోజు అవి కిటికీల్లో పెడితే లొడలొడమని ఊగాయట.

భోజనాల దగ్గర తన వాదన వినిపించాడు.

"మేం పనిలో చేరినప్పట్నుంచీ చుక్క తర్వాత రాసేది గీతలే. కొలతలు తెచ్చేవాడు అలాగే రాసేవాడు, కోసేవాడు అలాగే కోసేవాడు. ఇప్పుడు చుక్కకి అర్థం మార్చేసి నన్ను తిడితే ఎలా?"

చుక్కకి అర్థం మార్చారట. చుక్క వీళ్ళ తాతగారి ఆస్తి అయినట్టు.

నెలాఖరున పరీక్ష పెడతానని ఫోర్‌మన్ చెప్పాడట. దశాంశం చూసి టేపు మీద గీత పెట్టగలిగినవాళ్ళు టేబుల్ దగ్గర ఉంటారు, లేనివాళ్ళు వెనక షెడ్డుకి. అది చెబుతున్నప్పుడు బావ తినడం ఆపాడు.

"వాడున్నాడుగా, లెక్కల మాస్టారు. వాడు నేర్పుతాడు," అంది అక్క. "షెడ్డుకి పంపేస్తే మాత్రం జీతం తగ్గుతుంది, పై గది అద్దెకిచ్చుకోవాల్సిందే."

పై గదిలో ఉంటున్నది నేను. అక్క ఈ మాట నా వైపు చూడకుండా నీళ్ళగ్లాసుతో అంది.

మార్చి 5

ఒప్పుకున్నాను. జాలేసి.

మార్చి 7

మొదటి పాఠం. పాయింట్ పన్నెండు పెద్దదా, పాయింట్ ఐదు పెద్దదా అని అడిగాను. నా అమాయకత్వానికి జాలిపడుతున్నట్టు నవ్వాడు.

"పన్నెండు గీతలెక్కడ, ఐదు గీతలెక్కడ? ఇది కూడా అడగాలా సారూ?"

సారు అనేది నాకు ఆయన పెట్టిన పేరు. అక్కతో పెళ్ళయిన కొత్తల్లో పెట్టాడు, వెటకారంగానే అనుకుంటున్నాను.

వంద ముక్కలు చేసి పన్నెండు తీసుకోవడం ఒకటి, పది ముక్కలు చేసి ఐదు తీసుకోవడం ఒకటి అని చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. పైగా "నేను కోస్తే కోసినట్టు అద్దానికి కూడా తెలియదు" అని మొదలుపెట్టాడు. ఆ కథ ఒకసారి మొదలైతే కిరసనాయిల్లో కట్టర్ ముంచడం దగ్గర్నుంచి అద్దం టక్కున విరగడం దాకా సాగుతుంది. ఖాళీ గిన్నెకి మోతెక్కువ.

నేను స్కూలు వదిలేసింది ఇలాంటి బుర్రలతో వేగలేకే. అక్క పక్కింటావిడతో "తీసేశారు" అంటుంటే మెట్ల మీద నుంచి విన్నాను. వదిలేయడానికీ తీసేయడానికీ తేడా అక్కకి తెలియదు.

మార్చి 9

పాయింట్ తర్వాత ఎన్ని అంకెలుంటే కింద ఒకటి పక్కన అన్ని సున్నాలు. పైనా కిందా ఒకే సంఖ్యతో కొట్టేసుకుంటూ పోవడం. "ఇందులో బుర్రతో పనిలేదు, అందుకే నీకు చెబుతున్నా," అన్నాను.

పాయింట్ మూడు ఏడు ఐదు ఇచ్చాను. మూడువందల డెబ్బై ఐదు బై వెయ్యి అని రాశాడు. రాసి, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు.

"ఇంచిలో వెయ్యి గీతలా? కళ్ళు పోతాయి రా."

"ఐదుతో కొట్టెయ్యి."

కింద వెయ్యిని కొట్టేసి రెండువందలు వేశాడు. పైది ముట్టుకోలేదు.

"పైది ఎందుకు కొట్టలేదు?"

"పైది బాగానే ఉంది కదా."

గాడిదా అన్నాను. అక్క మొగుడు, వయసులో పెద్దవాడు, అయినా అన్నాను. ఆయన నొచ్చుకున్నట్టు కూడా లేదు.

"గాడిదకి పాఠం చెప్పేవాణ్ణి ఏమంటారు రా?" అన్నాడు.

ఈ జవాబు రాసుకోవలసినంత గొప్పదేం కాదు.

మార్చి 14

పాఠం లేదు. టీవీలో మ్యాచ్ ఉందట. సింహాసనం పోతుందనే బెంగ ఆయనకి లేదు, నేను కాగితాలు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

రాత్రి దాకా గదిలో తిరిగాను. ఈ గదికి గాలి బాగా వస్తుంది.

మార్చి 18

ఫ్యాక్టరీ నుంచి తిన్నగా పైకి వచ్చాడు, చెప్పులైనా విప్పకుండా. చేతిలో టేపు.

"పాయింట్ ఆరు రెండు ఐదు," అన్నాడు. "ఆరువందల ఇరవై ఐదు బై వెయ్యి. కొట్టేస్తే నూట ఇరవై ఐదు బై రెండువందలు. మళ్ళీ కొడితే ఇరవై ఐదు బై నలభై. మళ్ళీ కొడితే ఐదు బై ఎనిమిది. ఐదు బై ఎనిమిదంటే నా టేపులో పది గీతలు. ఔనా కాదా?"

పైదీ కిందదీ రెండూ కొట్టేశాడు. టేపు లాగి నా తలుపు చెక్క మీద పెట్టి, పదో గీత దగ్గర గోరుతో నొక్కి పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు.

ఔను అన్నాను. దానికే కిందికి పరుగెత్తి అక్కకి చెప్పాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు ఇల్లంతా తిరిగాడు. బస్సు దిగి నడిచొస్తూ నోటితో చేసుకున్నాడట ఆ లెక్క. ఇన్ని రోజులు చెబితే రాయికైనా వస్తుంది. ఇందులో ఆయన గొప్పేముంది?

రాత్రి నాకు ఆకలి ఎక్కువేసింది. రెండోసారి వడ్డించుకున్నాను.

మార్చి 21

ఈ రోజు ఆయన కాస్త అనుమానంగా వచ్చి కూర్చున్నాడు.

"సారూ, పాయింట్ మూడు. మూడు బై పది అయింది. ఇంక కొట్టడానికి ఏం లేదు. నా టేపులో చూస్తే పది లేదు. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, అంతే. ఇలాంటివి కూడా వస్తున్నాయి ఆఫీసు నుంచి. దీన్ని ఎక్కడ పెట్టను?"

"ఎక్కడా పెట్టలేవు. దానికి గీత లేదు."

"ఐదో గీత దగ్గర్లోనే ఉంది కదా. వెంట్రుకవాసి తేడా."

"వెంట్రుకవాసి తేడా అనేది గాడిదల లెక్క. మూడు బై పది అంటే మూడు బై పదే. ఐదు బై పదహారు వేరే సంఖ్య. దగ్గర్లో ఉందని పక్కింటి తలుపు తట్టి, ఇదే మా ఇల్లు అంటావా?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అంతేనంటావా?"

"అంతే."

"సరే. నువ్వు చదువుకున్నవాడివి," అన్నాడు. కాగితం మీద టేపు బొమ్మ గీసుకుని ఐదో గీత దగ్గర పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టుకుని ఉన్నాడు. దాన్ని తుడిచేశాడు.

మార్చి 22

మూడు బై పది. కింద ఉన్న పదిలో ఐదు దాక్కుని ఉన్నంతవరకు ఆ టేపు మీద దానికి చోటు లేదు. ఇది నా సొంత అభిప్రాయం కాదు.

మార్చి 24

నేను చెప్పింది సరైన జవాబే. ఏ పుస్తకం తెరిచినా అదే ఉంటుంది.

మార్చి 29

రేపు పరీక్ష. చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు, పెళ్ళిచూపులకి వెళ్తున్నట్టు. అద్దం ముందు నిలబడి దువ్వుకుంటూ, "పాయింట్ ఎనిమిది ఒకటి రెండు ఐదు," అని తనకు తనే ఇచ్చుకుని, "పదమూడు గీతలు," అని తనకు తనే చెప్పుకున్నాడు. అది సరైనదే. పదివేలతో మొదలయ్యే లెక్క అది. నా క్లాసులో ఇద్దరో ముగ్గురో చేసేవారు.

ఏదైనా చివరిమాట చెప్పమని అడిగాడు. కంగారు పడకు అన్నాను. ఇంకొకటి కూడా చెబుదామనుకున్నాను గానీ, ఈ సమయంలో కొత్తవి చెప్పి తికమక పెట్టకూడదు. బోధనలో అది మొదటి సూత్రం.

మార్చి 30

పోయింది.

నాలుగు సరిగ్గా వచ్చాయట, ఐదోది పోయిందట. ఐదుకి ఐదూ రావాలట.

"ఏమొచ్చింది ఐదోది?" అన్నాను.

"గుర్తులేదు రా."

"ఎలా పోయిందయ్యా, అన్నీ వచ్చేశాయన్నావుగా," అంది అక్క.

"వాడు బాగానే చెప్పాడు. నా బుర్రకే ఎక్కలేదు."

విన్నాను కదా, తన నోటితోనే ఒప్పుకున్నాడు. కుక్కతోకను ఎంత సాగదీసినా వంకరే. ఇందులో నేను చేయగలిగింది ఏమీ లేదు, చేయవలసినదంతా చేశాను, ఇంకేం చేస్తాను?

మార్చి 31

అక్క నా గదికి టీ తెచ్చింది. ఎప్పుడూ తేదు, నేనే దిగి వెళ్ళి తాగుతాను.

"నువ్వెంత కష్టపడ్డావో నేను చూశాను రా," అంది. "మీ బావ నిన్న రాత్రి కూడా అదే అన్నారు. వాణ్ణి ఒక్క మాట అనకు, తప్పంతా నాదే అని."

టీలో చక్కెర ఎక్కువైంది.

ఏప్రిల్ 2

షెడ్డులో మొదటి వారం. సుత్తి ఎడమచేత్తో పట్టి, మేకు బదులు కుడిచేతి వేలు కొట్టుకున్నాడు. బొటనవేలు వంకాయలా వాచింది. చెంచాతో తింటున్నాడు, అదీ ఎడమచేత్తో, సగం కింద పోసుకుంటున్నాడు. కట్టర్ పట్టుకోవడం తప్ప ఇంకో పని చేతకాని మనిషి.

ఎప్పుడూ చెప్పే కబుర్లు చెప్పడం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. నాకు కావలసిందీ ఇదే.

ఏప్రిల్ 3

ఇల్లు మరీ ప్రశాంతంగా ఉంది.

ఏప్రిల్ 5

"నువ్వు ఒకసారి వెళ్ళి ఆ ఫోర్‌మన్‌తో మాట్లాడరా," అంది అక్క. "చదువుకున్నవాడివి, నీ మాట వింటారు. ఇంకోసారి పరీక్ష పెట్టమను. ఈయన అడగరు. అడిగితే నామోషీ అంటారు."

ఇప్పుడు నామోషీ గుర్తొచ్చిందట. రేపు వెళ్తాను. ఆ ఫోర్‌మన్‌కి రెండు ముక్కలు నేర్పి వస్తాను. ఐదుకి నాలుగు చేసినవాణ్ణి ఫెయిల్ చేసే పరీక్ష ఎక్కడైనా ఉంటుందా?

ఏప్రిల్ 6

వెళ్ళి వచ్చాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఫోర్‌మన్ గది చుట్టూ అద్దమే. బయట నలుగురు బల్లల మీద వంగి కోస్తున్నారు. వాళ్ళ మధ్య ఒక బల్ల ఖాళీగా ఉంది. ఫోర్‌మన్‌ది బొంగురు గొంతు, యంత్రాల మధ్య అరిచి అరిచి అలా అయిందనుకుంటాను. చదువు పెద్దగా లేదు, కూర్చున్న తీరు చూస్తే తెలుస్తుంది. నేను ఫలానా వారి బావమరిదిని అనగానే లేచి కుర్చీ వేశాడు.

ఐదుకి నాలుగు చేసినవాణ్ణి అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"ఐదోది చెయ్యలేక కాదండీ ఆయన పోగొట్టుకుంది. పద్దెనిమిది పాయింట్ మూడు ఇచ్చాను. మిగతావాళ్ళు దగ్గరి గీత పెట్టి కోసేశారు. ఈయన మార్కరుతో అద్దం మీద మూడు బై పది అని రాసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏంటయ్యా కొయ్యవేం అంటే, ఈ కొలతకి గీత లేదు, తప్పు లెక్కకి నేను కొయ్యను అన్నాడు. అందరూ నవ్వారు. పోనీలే, దగ్గరి గీత పెట్టెయ్యవయ్యా, నువ్వు పాత మనిషివి, నీకు నేను చెప్పాలా అన్నా. వినలేదు. దగ్గర్లో ఉందని పక్కింటి తలుపు తట్టి ఇదే మా ఇల్లు అంటామా అన్నాడు."

నా మాట. అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

"మళ్ళీ నవ్వారు. అందరి ముందూ అలా మొండికేశాక నేను మాత్రం ఏం చేస్తాను చెప్పండి. ఇదెవరు నేర్పారయ్యా నీకు అని అడిగాను. ఎవరూ లేరు, పుస్తకం చూసి నేనే నేర్చుకున్నా అన్నాడు."

బయట ఎవరో అద్దం విరిచిన చప్పుడయింది.

"అయినా మీరు రావడం మంచిదైంది," అన్నాడు ఫోర్‌మన్. "నేనే కబురు పెడదామనుకున్నా. మీ గురించి ఆయన ముందునుంచీ చెబుతున్నాడు. ఈ అంకెలన్నీ ఆఫీసులోనే టేపు గీతల్లోకి మార్చి ఇచ్చే మనిషి ఉంటే ఇంత గొడవుండదు, మా బావమరిది ఉన్నాడు, లెక్కల్లో పులి, ఖాళీగా ఉన్నాడు అని. మా యజమాని కూడా సరేనన్నారు. మొన్న షెడ్డుకి పంపించాక కూడా మీ బావ నా దగ్గరికొచ్చాడు. తన కోసం అడుగుతాడేమో అనుకున్నా. మావాణ్ణి తీసుకుంటారు కదా, నా పరీక్షకీ వాడికీ సంబంధం లేదు అని చెప్పి వెళ్ళిపోయాడు."

ఆయన ఒక కాగితం నా ముందుకు తోశాడు. కొలతలు అచ్చువేసిన కాగితం.

"ఏమనుకోకండి. మీరైతే పద్దెనిమిది పాయింట్ మూడుకి ఏం రాస్తారు?"

"పద్దెనిమిది, ఐదు గీతలు," అన్నాను.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే చెయ్యి ఆగుతోంది, అప్పుడు మాత్రం నోరు ఆగలేదు.

"అదీ మాట," అన్నాడు ఆయన. "ఎప్పుడు చేరతారు?"

బావకి నేర్పింది నేనే అని ఒక్క మాట చెబితే సరిపోయేది. నాలుక మీదికి వచ్చింది. చెబితే ఈ కుర్చీ ఇంకొకడికి పోతుంది. చెబితే బావకి ఆ ఖాళీ బల్ల తిరిగి వస్తుందని గ్యారంటీ ఏమైనా ఉందా? లేదు. నేను అడగలేదు కూడా.

"వచ్చే సోమవారం," అన్నాను.

ఏప్రిల్ 7

అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బావ బొటనవేలు పైకెత్తి చూపించబోయి, వాచిన వేలు కదా, అబ్బా అని దించేశాడు.

"చెప్పానా లేదా, మా సారు ఊరికే ఉండాల్సిన మనిషి కాదని," అన్నాడు అక్కతో. ఆ తర్వాత నాతో, "మరి నా సంగతేమన్నాడు రా ఆయన?"

"చూద్దామన్నాడు."

"చూస్తే చూస్తాడులే. నాకేం తొందర."

నేను చేరకపోతే ఇంకెవడో చేరేవాడు. వాడికి హారం లవం తేడా కూడా తెలిసేది కాదు. ఇంటికి కూడా ఇదే మంచిది.

ఏప్రిల్ 8

వీళ్ళిద్దరూ ఇంత సంతోషపడుతున్నారెందుకో నాకు అర్థం కాదు.

ఏప్రిల్ 13

మొదటి రోజు. బల్ల, కుర్చీ, ఫ్యాను ఇచ్చారు. కొలతల కాగితాలు ఎడమవైపు, నేను గీతల్లోకి మార్చినవి కుడివైపు. పని చిన్నపిల్లల పని. పాయింట్ ఏడుకి పదకొండు గీతలు, పాయింట్ నాలుగుకి ఆరు, పాయింట్ మూడుకి ఐదు. మూడు వచ్చినప్పుడల్లా ఐదు రాశాను. కోసేవాళ్ళు తీసుకెళ్ళి కోశారు. ఒక్క అద్దం కూడా తప్పు రాలేదు. ఆ ఖాళీ బల్ల దగ్గర కొత్త మనిషిని నిలబెట్టారు, కుర్రవయసు, కట్టర్ పట్టుకునే తీరు చూస్తే నాకే నవ్వొచ్చింది.

అక్క ఇద్దరికీ కలిపి ఒకే క్యారియర్ కట్టింది కాబట్టి మధ్యాహ్నం షెడ్డుకి వెళ్ళక తప్పలేదు. నేల మీద రంపపు పొట్టు, మూల చెక్కల గుట్ట, రేకుల మీద ఎండ. బావ నోట్లో నాలుగు మేకులు పెట్టుకుని ఒక పెట్టె మీద వంగి ఉన్నాడు. నన్ను చూసి మేకులు చేతిలోకి ఉమ్మేసుకున్నాడు. ఒక పెట్టెను బోర్లించి తన తువ్వాలుతో తుడిచి, కూర్చోమన్నాడు. అక్కడున్న ముగ్గురినీ పిలిచాడు.

"మా బావమరిది. ఇవాళ్టినుంచి కొలతలన్నీ ఈయన చేతిమీదుగానే వస్తాయి. ఈయన రాసిన లెక్కకి తిరుగులేదు. నాకు కూడా నేర్పాలని చూశాడు, నాకే రాలేదు."

వాళ్ళు నమస్కారం పెట్టారు. నేనూ పెట్టాను. క్యారియర్ విప్పి నా వాటా ముందు పెట్టాడు, తన వాటాలోంచి కూడా ఇంకాస్త తీసి వేశాడు.

ఆయన మొహంలో వెటకారం కోసం వెతికాను. తింటున్నంతసేపూ వెతికాను. కళ్ళలో చూశాను, మూతి దగ్గర చూశాను. కాస్తయినా ఉంటే బాగుండేది, నాకూ ఒక ముద్ద దిగేది. లేదు.